పాత ఎన్నికల పట్టికలు చదవడం – 4వ పాఠం: వర్జీనియాలో ఎనిమిది కౌంటీలు

ముందు పోయినసారి అభ్యాసం సంగతి తేల్చుకుందాం. 1788 నవంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, దేశ పార్లమెంటైన కాంగ్రెస్‌లోని ప్రతినిధుల సభకు తన మొదటి సభ్యులను ఎన్నుకున్నప్పుడు ఎంతమంది ఓటేసి ఉంటారో అంచనా కట్టమన్నాను. చాలామంది అరవై వేల పైచిలుకు అని రాశారు. గెలిచిన ఎనిమిది మంది ఓట్లూ కూడితే వచ్చే అంకె అది. కొందరు ఓడినవాళ్ల ఓట్లూ కలిపి లక్ష దాటించారు.

దీన్ని సరిచేయకుండా ముందుకు వెళ్లను. అచ్చయిన వ్యాసాల్లో కూడా ఇదే తప్పు కనబడుతుంటుంది, చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పెన్సిల్వేనియాను ఆ ఎన్నికలో నియోజకవర్గాలుగా విడగొట్టలేదు. రాష్ట్రం మొత్తానికి కలిపి ఎనిమిది సీట్లు. ప్రతి ఓటరూ చీటీ మీద ఎనిమిది పేర్లు రాయొచ్చు. అంటే పట్టికలో ఒకే మనిషి ఎనిమిది చోట్ల లెక్కకు వస్తాడు. పట్టిక ముందు పెట్టుకోగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎవరికెన్ని వచ్చాయి’ కాదు, ‘ఒక్కొక్కరికి ఎన్ని ఓట్లున్నాయి’.

మరి అంచనా ఎలా? పోటీలో ఉన్నవి రెండు జాబితాలు. ఒకటి లాంకాస్టర్ పట్టణంలో జరిగిన సమావేశంలో ఫెడరలిస్టులు, అంటే కొత్త రాజ్యాంగాన్ని సమర్థించేవాళ్లు, ఖరారు చేసింది, రెండోది హారిస్‌బర్గ్ పట్టణంలో జరిగిన సమావేశం వైపు నుంచి వచ్చిన వాళ్ల వ్యతిరేకులది. ఎక్కువమంది ఓటర్లు ఏదో ఒక జాబితానే దాదాపు ఉన్నదున్నట్టు వేశారు. కాబట్టి అటు నుంచి ఒక పేరు, ఇటు నుంచి ఒక పేరు తీసుకుని ఆ రెండే కూడండి. అటు ఎనిమిది వేల చిల్లర, ఇటు ఆరు వేల పైన. పద్నాలుగు పదిహేను వేల మంది అని తేలుతుంది.

అయితే ఆ పేరు ఒక్క జాబితాలోనే ఉండాలి. పీటర్ మ్యూలెన్‌బర్గ్, డానియల్ హీస్టర్ హారిస్‌బర్గ్ జాబితావాళ్లు. తమవాళ్లకు ఇంకా చోటు కావాలని జర్మన్ మూలాలున్న ఓటర్లు ఫెడరలిస్టు జాబితాలో ఇద్దరిని తీసేసి వీళ్లిద్దరినీ చేర్చారు. ఇద్దరూ గెలిచారు. వీళ్ల ఓట్లు రెండు వైపుల నుంచీ వచ్చాయి కాబట్టి మన కూడికకు పనికిరావు.

ఇది అమెరికాకే పరిమితం అనుకోకండి. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానానికి ఇద్దరు సభ్యులు, ఒక సీటు గిరిజనులకు రిజర్వు. ఓటరుకు రెండు ఓట్లు. రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే దక్కితే, ఓడిపోయిన వి.వి. గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, అక్కడా ఓడిపోయారు. 1961లో చట్టం చేసి ఇలాంటి స్థానాలను రద్దు చేశారు. ఆ కాలపు పట్టికల్లో పోలైన ఓట్లను ఓటర్ల సంఖ్యతో నేరుగా భాగిస్తే పోలింగ్ శాతం రాదు. సగం చేసినా కచ్చితంగా రాదు, ఒక్క ఓటే వేసి వెళ్లినవాళ్లు ఉంటారు.

ఇక వర్జీనియా. ఇక్కడ పది సీట్లు, పది నియోజకవర్గాలు, మనిషికి ఒకే ఓటు. కూడిక తిన్నగా చేసుకోవచ్చు. అయిదో నియోజకవర్గంలో జేమ్స్ మాడిసన్ మీద జేమ్స్ మన్రో నిలబడ్డాడు. ఇద్దరూ తర్వాత అధ్యక్షులైనవాళ్లే. అంతకుముందు, 1788 నవంబరులో, రాష్ట్ర శాసనసభ కాంగ్రెస్ ఎగువ సభకు సెనేటర్లను ఎన్నుకున్నప్పుడు రిచర్డ్ హెన్రీ లీకి 98, విలియం గ్రేసన్‌కు 86 వస్తే మాడిసన్ 77తో మూడోవాడై మిగిలాడు. ఈ సీటూ పోతే కొత్త కాంగ్రెస్‌లో అతనికి చోటుండేది కాదు.

పోలింగ్ 1789 ఫిబ్రవరి 2న. ఓటరు కౌంటీ కోర్టుకు వెళ్లి, అందరి ముందు తన అభ్యర్థి పేరు గట్టిగా చెప్పాలి. గుమాస్తా ఆ పేరు కింద ఓటరు పేరు రాసుకుంటాడు. రహస్యమనేదే లేదు. లెక్క ఇది, ముందు మాడిసన్, తర్వాత మన్రో:

ఆల్బమార్ల్ 174 – 105
ఆమ్హర్స్ట్ 145 – 246
కల్పెపర్ 256 – 103
ఫ్లువానా 42 – 63
గూచ్‌లాండ్ 132 – 133
లూయిసా 228 – 124
ఆరెంజ్ 216 – 9
స్పాట్సిల్వేనియా 115 – 189

మొత్తం 1,308 – 972. తేడా 336.

శాతాలు కట్టడం నాకు ఇష్టం ఉండదు, చిన్న పట్టికల్లో అవి అసలు విషయాన్ని కప్పేస్తాయి. నేను ప్రతి వరసలో తేడా తీసి, పెద్దవాటిని ముందు చూస్తాను. కౌంటీల లెక్కన ఇద్దరికీ చెరి నాలుగు. కానీ ఆరెంజ్‌లో తేడా 207, కల్పెపర్‌లో 153, రెండూ కలిపి 360. ఈ రెండు కౌంటీలనూ పక్కన పెడితే మన్రో 24 ఓట్లతో గెలిచేవాడు.

ఆరెంజ్ మాడిసన్ సొంత ఊరున్న కౌంటీ, అక్కడ వింత లేదు. ఆలోచించాల్సింది కల్పెపర్ గురించి. 1788 జూన్‌లో రాజ్యాంగాన్ని ఆమోదించాలా వద్దా అన్నప్పుడు ఆ కౌంటీ ప్రతినిధులిద్దరూ వద్దన్నారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే అదే కౌంటీ మాడిసన్‌కు రెండింతల పైన ఓట్లేసింది. మధ్యలో జరిగింది ఒకటుంది. మత స్వేచ్ఛకు రాజ్యాంగంలో రక్షణ లేదని అక్కడి బాప్టిస్టులు (ఒక క్రైస్తవ శాఖవాళ్లు) భయపడ్డారు. మాడిసన్ జనవరి 2న జార్జ్ ఈవ్ అనే బాప్టిస్టు బోధకుడికి ఉత్తరం రాసి, సవరణలు తేవడం తనకు సమ్మతమేనని చెప్పాడు. గెలిచాక జూన్ 8న సభలో వాటిని ప్రతిపాదించాడు కూడా. రాజ్యాంగానికి తొలి పది సవరణలైన హక్కుల పత్రం అందులోంచే వచ్చింది. ఉత్తరం వల్లే కల్పెపర్ తిరిగిందని పట్టిక చెప్పదు. ఎక్కడ వెతకాలో చెబుతుంది, దాని పని అంతవరకే.

ఒక్క హెచ్చరిక. 2,280 మందిని జనాభాతో భాగించకండి. ఓటు భూమి ఉన్న తెల్ల మగవాళ్లకే. ఆరెంజ్ జనంలో సగానికి దగ్గరగా బానిసలు, వాళ్లలో కొందరు మాడిసన్ కుటుంబం కిందే ఉన్నారు. ఆ 216లో వాళ్లెవరూ లేరు.

అభ్యాసం, ఈసారి కొంచెం కష్టమే. ఒకటి, ఒక్క ఆరెంజ్‌ను మాత్రమే తీసేస్తే ఎవరు గెలుస్తారు, ఎంత తేడాతో? రెండు, ఒక్క ఓటు తేడా ఉన్న గూచ్‌లాండ్‌ను ‘మన్రో కౌంటీ’ అనొచ్చా అనకూడదా, పట్టికలో ఉన్న అంకెలతోనే అరపేజీ రాయండి. మూడు, 1957 పార్వతీపురం ఫలితం సంపాదించి, ఓటేసినవాళ్ల సంఖ్య కనీసం ఎంత, గరిష్ఠంగా ఎంత ఉండొచ్చో లెక్క కట్టండి. అరవై వేలు రాసినవాళ్లు మూడోదానితో మొదలుపెట్టండి.