సెన్సర్ నెట్‌వర్క్‌లో బ్యాటరీలు ముందే అయిపోతున్నాయా? లక్షణాన్ని బట్టి కారణం పట్టుకోండి

బ్యాటరీలు అనుకున్నదానికంటే ముందే ఖాళీ అయితే చాలామంది వెంటనే రూటింగ్ ప్రోటోకాల్ (ప్యాకెట్లు ఏ దారిన వెళ్లాలో తేల్చే పద్ధతి) మార్చేస్తారు. అంతకంటే ముందు ఏ నోడ్లు (సెన్సర్, రేడియో, బ్యాటరీ ఉన్న చిన్న పరికరాలు) మొదట ఆగిపోతున్నాయో చూడండి. అన్నీ ఒకేసారా, సింక్ (డేటా అంతా చివరికి చేరే నోడ్) దగ్గరివా, మధ్యలో ఏదో ఒకటా? సగం జవాబు అక్కడే ఉంటుంది. కింద ఇచ్చిన కరెంటు అంకెలు టెలోస్‌బీ అనే సెన్సర్ బోర్డుల్లోని సీసీ2420 రేడియో చిప్‌వి. మీ చిప్ వేరైతే దాని డేటాషీట్ చూసుకోండి.

అన్ని నోడ్లూ వారం లోపే ఆగిపోతున్నాయి

ఇక్కడ తప్పు రూటింగ్‌ది కాదు, రేడియో నిద్రపోవడం లేదు. సీసీ2420 పూర్తి పవర్‌తో పంపేటప్పుడు 17.4 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది, వినేటప్పుడు 18.8. అంటే ఎవరూ ఏమీ పంపకపోయినా ఊరికే వింటూ కూర్చోవడానికే ఎక్కువ ఖర్చు! 2500 ఎంఏహెచ్ బ్యాటరీలు ఐదున్నర రోజుల్లో అయిపోతాయి. ఎంత మంచి దారి ఎంచుకున్నా ఈ ఖర్చు తగ్గదు.

డ్యూటీ సైకిలింగ్ (రేడియోని ఎక్కువసేపు ఆపి, మధ్యమధ్యలో మాత్రమే ఆన్ చేయడం) ఉన్న మ్యాక్ లేయర్ (రేడియో ఎప్పుడు పంపాలో, ఎప్పుడు వినాలో చూసే సాఫ్ట్‌వేర్ భాగం) పెట్టండి. రేడియో 1 శాతం సమయమే మేలుకుని ఉంటే, ఒక్క రేడియో లెక్కన అవే బ్యాటరీలు ఏడాదిన్నర వస్తాయి. కాంటికి (సెన్సర్ నోడ్ల ఆపరేటింగ్ సిస్టమ్) వాడేవాళ్లు అందులో ఖర్చు కొలిచే ఎనర్జెస్ట్ ఆన్ చేసి, వినడానికి ఎంత సమయం పోతోందో ముందు కొలవండి. కొలవకుండా ఏదీ మార్చకండి.

సింక్ పక్కనున్నవే ముందు పోతున్నాయి

మొత్తం 100 నోడ్లుండి, సింక్‌కి ఒక హాప్ దూరంలో (మధ్యలో వేరే నోడ్ లేకుండా నేరుగా అందేవి) 5 మాత్రమే ఉన్నాయనుకోండి. అందరూ ఒక్కో ప్యాకెట్ పంపితే ఆ ఐదింటిలో ఒక్కొక్కటి సగటున 19 ప్యాకెట్లు అందుకుని 20 పంపాలి. చివర ఉన్న నోడ్ పంపేది ఒక్కటే. ఆ ఐదూ పోయాక మిగతా 95 బ్యాటరీల్లో ఎంత ఛార్జ్ ఉన్నా ప్రయోజనం లేదు.

రూటింగ్ ఈ బరువును ఆ ఐదింటి మధ్య సమానంగా పంచగలదు, అంతే. బరువే తగ్గాలంటే ప్రతి రీడింగ్‌కీ ఒక ప్యాకెట్ పంపడం మానేసి, కొన్నిటిని కలిపి పంపండి. ఈ రేడియోలు వాడే 802.15.4 ప్రమాణంలో ఒక ఫ్రేమ్‌ (రేడియో ఒకసారి పంపే మూట)లో 127 బైట్ల దాకా పడతాయి, రెండు బైట్ల తేమ రీడింగ్ కోసం ఒక ఫ్రేమంతా ఖర్చు పెట్టడం అన్యాయం. రెండో సింక్ పెట్టగలిగితే ఇంకా మంచిది. లేదా ఆ మొదటి వరుసలో నోడ్లు పెంచండి, వాటికే పెద్ద బ్యాటరీ ఇవ్వండి.

మధ్యలో ఒక్క రిలే (ఇతరుల ప్యాకెట్లు అందించే నోడ్) మాత్రమే పోతోంది

దాని లింక్ బాగుంది కాబట్టి అందరూ దాన్నే పేరెంట్‌గా (సింక్ వైపు తమ ప్యాకెట్లు అందించే నోడ్‌గా) ఎంచుకుంటున్నారు. పేరెంట్‌ని ఎంచుకోవడానికి వాడే ఈటీఎక్స్ అనే కొలత చూసేది ప్యాకెట్ చేరడానికి ఎన్నిసార్లు పంపాల్సి వస్తుందన్నదే, బ్యాటరీని చూడదు. దారిని ఎంచుకునే లెక్కలో (కాస్ట్‌లో) మిగిలిన ఎనర్జీని కూడా కలపండి.

ఒక జాగ్రత్త. లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్ అయితే వోల్టేజ్ చూసి ఛార్జ్ అంచనా వేయకండి. దాని వోల్టేజ్ దాదాపు చివరిదాకా కదలదు, ఒక్కసారిగా పడిపోతుంది. అప్పటికి దారి మార్చే టైమ్ ఉండదు. వాడిన కరెంటును సాఫ్ట్‌వేర్‌లోనే లెక్కగట్టడం నయం.

డేటా తక్కువే, కంట్రోల్ మెసేజ్‌లే ఎక్కువ

ఆర్‌పీఎల్‌ అనే రూటింగ్ ప్రోటోకాల్‌లో నెట్‌వర్క్ నిలకడగా ఉంటే ట్రికిల్ టైమర్ డీఐఓ మెసేజ్‌ల (దారుల సమాచారం చెప్పే కంట్రోల్ మెసేజ్‌ల) మధ్య ఎడం రెట్టింపు చేస్తూ పోతుంది. ఆర్‌పీఎల్‌ని నిర్వచించే ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 6550 డిఫాల్ట్ విలువలతో అది 8 మిల్లీసెకన్ల దగ్గర మొదలై దాదాపు 2.3 గంటల దాకా పెరుగుతుంది. ఎక్కడైనా తేడా కనిపిస్తే మళ్లీ మొదటికి వస్తుంది. పేరెంట్లు మాటిమాటికీ మారుతుంటే ఆ లాభం పోతుంది.

లాగ్‌లో ఒక నోడ్ రెండు పేరెంట్ల మధ్య ఊగుతుంటే, మారడానికి కావలసిన తేడాను పెంచండి. ఆర్‌ఎఫ్‌సీ 6719 సూచించేది 192, అంటే ఒకటిన్నర ఈటీఎక్స్. మిగిలిన ఎనర్జీని కాస్ట్‌లో కలిపినవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి, ప్రతి చిన్న తగ్గుదలకీ దారి మారిపోతే ఆదా చేసిందంతా కంట్రోల్ మెసేజ్‌లకే సరి. దగ్గర్లో వైఫై ఉంటే ఛానెల్ 26కి మారి చూడండి.

పొలంలో పెట్టినది మొదట్లో బాగుంది, పైరు పెరిగాక పాడైంది

2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని ఆకుల్లోని నీరు పీల్చేసుకుంటుంది. నాటిన రోజు పనిచేసిన లింక్ మొక్కజొన్న తలెత్తు పెరిగాక బలహీనపడుతుంది, ఒకే ప్యాకెట్‌ను పదేపదే పంపాల్సి వస్తుంది. యాంటెన్నాని పైరు చివరికి పెరిగే ఎత్తుకంటే పైన కట్టండి. అలా కుదరకపోతే నోడ్ల మధ్య దూరాన్ని ఎదిగిన పంటను దృష్టిలో పెట్టుకుని నిర్ణయించండి.