ఎండలు ముదరకముందే థయోఫీన్ బ్లాకులో చూసుకోవాల్సినవి

మన చౌటుప్పల్, చిట్యాల, జడ్చర్ల వైపు బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీల్లో పనిచేసే తమ్ముళ్ల కోసం, ముఖ్యంగా ఈ ఏడాదే షిఫ్టుల్లోకి వచ్చినవాళ్ల కోసం రాస్తున్నాను. గుండె జబ్బులకిచ్చే క్లోపిడోగ్రెల్‌లోనూ, మానసిక వైద్యంలో వాడే ఓలాంజపిన్‌లోనూ ఉండేది థయోఫీన్ రింగే, నాలుగు కార్బన్లు ఒక సల్ఫర్. చలికాలంలో ఈ థయోఫీన్ ద్రవంతో సాఫీగా నడిచిన పని రోళ్లు పగిలే రోహిణి కార్తెలోనూ అలాగే నడుస్తుందనుకోవద్దు.

సల్ఫర్ ఉంది కదా, లీకైతే కంపు కొడుతుందిలే అన్న ధీమా అసలు వద్దు. థయోఫీన్ వాసన చాలావరకు బెంజీన్ లాగే ఉంటుంది. మరిగే ఉష్ణోగ్రతలు కూడా దగ్గరే, బెంజీన్‌ది 80, థయోఫీన్‌ది 84 డిగ్రీలు. అందుకే 1882లో విక్టర్ మేయర్ పట్టుకునేదాకా కోల్‌తార్ బెంజీన్‌లోనే ఎవరికీ తెలియకుండా ఉండిపోయింది. ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకోగలిగే కనీస ఉష్ణోగ్రత) సున్నా కంటే తక్కువ కాబట్టి రవ్వ దొరికితే ఏ కాలమైనా అంటుకుంటుంది, పైగా 25 డిగ్రీల దగ్గరున్న ఆవిరి ఒత్తిడి 44కి వచ్చేసరికి రెట్టింపు దాటుతుంది. యార్డులో ఎండకు కాగిన డ్రమ్మును తెచ్చి వెంటనే మూత తిప్పకండి. నీడలో చల్లారనివ్వండి, రవ్వ పుట్టకుండా పెట్టే ఎర్తింగ్ క్లిప్పు పెయింటు మీద కాకుండా గీకిన లోహం మీద పట్టిందో లేదో చేత్తో కదిపి చూడండి.

లేయర్లు విడగొట్టేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. థయోఫీన్ సాంద్రత 1.06, మామూలు నీళ్లతో కడిగితే అడుగుకు పోతుంది, అదే చిక్కటి ఉప్పునీళ్లతో కడిగితే పైకి తేలుతుంది. నీళ్ల మీద తేలే టోలుయీన్ అలవాటుతో కింది లేయరు నీళ్లేలే అని వదిలారంటే సాల్వెంటంతా డ్రైన్లోకి పోతుంది, ఆ ఆవిరి గాలికంటే దాదాపు మూడు రెట్లు బరువు కాబట్టి నేలబారునే పాకుతుంది. గ్లాసులో కొంచెం నీళ్లు పోసి, కింది లేయరు నుంచి నాలుగు చుక్కలు వేసి, కలుస్తుందో విడిపోతుందో చూసాకే వాల్వు తిప్పండి.

థయోఫీన్ పనిలోనే ఇథిలీన్ ఆక్సైడ్ కలిపే స్టేజీలో కరెంటు పోయి చిల్లర్ (చల్లబరిచే యంత్రం) ఆగితే ముందు దాని ఫీడ్ ఆపాలి, ఫోన్లు తర్వాత. ఇథిలీన్ ఆక్సైడ్ 10.7 డిగ్రీలకే మరుగుతుంది, రియాక్ట్ కాకుండా పోగుపడితే రియాక్షన్ ఒక్కసారిగా అందుకుంటుంది.

నాకు అన్నిటికంటే టెన్షన్ గెవాల్డ్ రియాక్షన్ గురించే. అందులో గంధకం, అమీన్ వేసి థయోఫీన్ రింగు కట్టాక మిగిలిన ద్రవంలో (ఎంఎల్, అంటే మదర్ లిక్కర్) సల్ఫైడ్లు ఉంటాయి, దానికి యాసిడ్ తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. మొదట కుళ్లిన గుడ్ల కంపు, 100 పీపీఎం దగ్గరికొచ్చేసరికి ముక్కు మొద్దుబారి కంపు పోయినట్టే ఉంటుంది, ప్రాణాలు పోయేది ఆ మోసంతోనే. ఆ గ్యాసును కడిగి పట్టే స్క్రబ్బర్లో కాస్టిక్ సోడా బలం షిఫ్టు మొదట్లోనే టైట్రేట్ చేయించండి (ల్యాబ్‌లో కొలిపించండి), నిన్నటి రీడింగు నమ్మొద్దు. ఈ ఎంఎల్ పోయే లైనూ యాసిడ్ వ్యర్థాల లైనూ ఒకే ట్యాంకులో కలుస్తున్నాయేమో ఈ వారమే నడిచి చూడండి. ఎండకు తాళలేక గ్యాస్ డిటెక్టర్ తీసి బల్ల మీద పెట్టేవాళ్లుంటారు, దాన్ని కాలర్ దగ్గరే ఉంచుకోమని గట్టిగా చెప్పండి.

తోటివాడు ట్యాంకులో పడిపోతే కాళ్లు ఆగవు, తెలుసు. అయినా గాలి సిలిండర్ సెట్టు తగిలించుకోకుండా దిగొద్దు, గుడ్డ మాస్కూ కార్ట్రిడ్జ్ మాస్కూ అక్కడ పనికిరావు. ఆ సెట్టు ఏ తాళం వెనకుందో, తాళం చెవి రాత్రి షిఫ్టులో ఎవరి దగ్గరుంటుందో ఈరోజే అడగండి.