ఏడు క్లబ్బులు, ఒక రెంచి: గోదావరి జిల్లాల నుంచి గోల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు

భీమవరం, అమలాపురం వైపు నుంచి గోల్ఫ్ ఆడాలంటే రైలెక్కి విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ దాకా వెళ్లేవాళ్లే ఎక్కువ. అక్కడ 18 హోల్స్‌కి ఏడెనిమిది కిలోమీటర్ల నడక. అందుకే ముందు మోసే బరువు తగ్గించుకోండి.

క్లబ్బు, అంటే బంతిని కొట్టే కర్ర, ఒక్కోటి సుమారు 400 గ్రాములు. పద్నాలుగూ కలిపితే ఐదున్నర కిలోలు. పెద్ద బ్యాగు మూడున్నర, డజను బంతులు అరకిలో పైచిలుకు, లీటరు నీళ్లు వేసుకుంటే పదిన్నర కిలోలు అవుతుంది. నిబంధనల ప్రకారం 14కి మించకూడదు, ఇన్ని ఉండాలని మాత్రం ఎక్కడా లేదు. డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద తల క్లబ్బు), ఒక హైబ్రిడ్, 6, 8 ఐరన్లు (మధ్య దూరాలకి), పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్ (దగ్గరి దెబ్బలకి, ఇసుకలోంచి కొట్టడానికి), పట్టర్ (రంధ్రంలోకి దొర్లించడానికి) చాలు. కిలో పావు ఉండే సన్న బ్యాగులో ఆరు బంతులు, అర లీటరు సీసాతో మొత్తం ఐదు కిలోల లోపే. ఎండాకాలంలో నీళ్ల దగ్గర మాత్రం పొదుపు వద్దు.

మీ డ్రైవర్ క్లబ్బు హెడ్ (తల) ఊడే రకమైతే, రైల్లో దాన్ని విప్పి మేజోడులో పెట్టండి. పొడవు పెద్దగా తగ్గదు గానీ, హెడ్, కర్ర కలిసే మెడ దగ్గర దెబ్బ తగలదు. హెడ్‌ని పట్టి ఉంచే స్క్రూని జిప్పు సంచిలో వేయండి, అది పోతే ఆ రోజు ఆట పోయినట్టే.

ఇక హెడ్ బిగింపు. స్లీవ్‌నీ (కర్ర చివరి గొట్టం), అది దిగే హెడ్ రంధ్రాన్నీ పొడి టూత్‌బ్రష్‌తో దులపండి. ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా స్లీవ్ సరిగ్గా కూర్చోదు, కొట్టినప్పుడల్లా టక్‌మంటుంది. స్లీవ్ మీద కావలసిన అంకెను హెడ్ మీది గీతకి ఎదురుగా పెట్టి, స్క్రూని ముందు చేత్తో తిప్పి, తర్వాత క్లబ్బుతో ఇచ్చిన టార్క్ రెంచితో (తగినంత బిగువు రాగానే క్లిక్‌మనేది) క్లిక్ వినపడేదాకా బిగించండి. చాలావాటికి ఆ బిగువు 40 అంగుళం-పౌండ్లు. సైకిల్ షాపు ఎలెన్ కీతో బలంకొద్దీ తిప్పితే స్క్రూ తల అరుగుతుంది, అల్యూమినియం స్లీవ్ చీలుతుంది. మన ఇళ్లలో దేనికైనా కొబ్బరినూనె రాసే అలవాటుంది కదా, స్క్రూ మరల మీద మాత్రం వద్దు: జారుడుకి క్లిక్ వచ్చేలోపే మోతాదు మించి బిగుస్తుంది. ఒక కంపెనీ స్లీవ్ ఇంకో కంపెనీ హెడ్‌లో పట్టదు, పాతవి కొనేటప్పుడు చూసుకోండి.

చాలా స్లీవ్‌లలో లాఫ్ట్ (బంతికి తగిలే ముఖం వెనక్కి వాలిన కోణం) పెంచితే ముఖం కొంచెం మూసుకుంటుంది, అంటే కుడిచేతి వాళ్లకి ఎడమకి తిరుగుతుంది, తగ్గిస్తే తెరుచుకుంటుంది. సముద్రపు గాలికి ఎదురు కొట్టాలని లాఫ్ట్ దించేవాళ్లకి ఇక్కడే చిక్కు. బంతి అసలే కుడికి వంపు తిరుగుతుంటే, ఇప్పుడు ఇంకా కుడికి పోతుంది. అలాంటి కుడిచేతి ఆటగాళ్లు లాఫ్ట్ ఒక డిగ్రీ పెంచి చూడండి, లేదా హెడ్‌లో కదిలే బరువుంటే మడమ వైపు (కర్రకి దగ్గరి వైపు) జరపండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కో మార్పుకి కనీసం పది బంతులు కొట్టాకే తేల్చుకోండి.

ఈ ప్రయోగాలన్నీ ముందే ముగించాలి. పోటీలో రౌండు మొదలయ్యాక సెట్టింగు మార్చి ఆ క్లబ్బుతో ఒక్క దెబ్బ కొట్టినా అనర్హత. చేత్తోనో నాణెంతోనో లాఫ్ట్ మార్చుకునే ఒంటి క్లబ్బు కొబ్బరితోటలో స్పాంజి బంతులతో సాధనకి బాగుంటుంది, పోటీకి పనికిరాదు.

ఇంటికొచ్చాక గ్రిప్పుల్ని (చేత్తో పట్టుకునే పిడుల్ని) సబ్బునీళ్లతో తుడిచి నీడన ఆరబెట్టండి. అంతర్వేది వైపు ఉప్పుగాలికి తడి కవరులో వదిలేసిన ఉక్కు షాఫ్టు (క్లబ్బు కర్ర) తొందరగా తుప్పుపడుతుంది. మే నెల ఎండలో కారు డిక్కీలోనూ ఉంచకండి, షాఫ్టుని హెడ్‌కి పట్టి ఉంచే జిగురు మెత్తబడుతుంది.