ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్‌లో, కాలేజీ కమిటీల్లో మాట నెగ్గించుకోవడం ఎలా?

ఒక సంస్థ లోపల మాట ఎలా నడుస్తుందో ఉద్యోగానికి ముందే నేర్చుకోవాలనుకునే డిగ్రీ విద్యార్థికి ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ మంచి చోటు. 1969 సెప్టెంబరు 24న మొదలైన ఈ పథకంలో వాలంటీరు రెండేళ్లలో 240 గంటల సేవతో పాటు ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తి చేయాలి. యూనిట్‌కు సాధారణంగా వందమంది వాలంటీర్లు, వారికి ఒక ప్రోగ్రాం ఆఫీసరు ఉంటారు. అనంతపురం జిల్లాలోని ఏ కాలేజీలో చేరినా ఈ అమరిక ఇంచుమించు ఇదే.

మొదట, ఏ విషయం ఎవరి చేతిలో ఉందో తెలుసుకోండి. సెమినార్ హాలు కావాలంటే ప్రిన్సిపల్ అనుమతి, ల్యాబ్ వేళలు మారాలంటే విభాగాధిపతి, శిబిరంలో ఏ బృందం ఏ పని చేయాలన్నది ప్రోగ్రాం ఆఫీసరు చెబుతారు. ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును అడిగితే అయిదు నిమిషాల్లో తేలే ఈ సంగతి తెలియక, చాలామంది తమ గోడంతా సంతకం పెట్టే అధికారం లేనివారికి వెళ్లబోసుకుంటారు.

రెండోది అర్జీ. ఎక్కువ పనులు ఆగేది ఇక్కడే కనుక దీన్ని శ్రద్ధగా నేర్చుకోవాలి. శిబిరం జరిగే ఊళ్లో నీటి కొరత ఉందనుకోండి. వేసవిలో అనంతపురం పల్లెల్లో ఇది మామూలే. 'ఎంతో వినయంతో విన్నవించుకొనునది ఏమనగా' అని మొదలుపెట్టి, వర్షాభావం గురించి ఒక పేరా రాసి, చివర్లో ట్యాంకరు అడిగితే, చదివేవారికి మీ కోరిక కనిపించదు. విషయం అన్నచోట 'శిబిరానికి నీటి ట్యాంకరు గురించి' అని రాసి, మొదటి వాక్యంలోనే 'శిబిరంలో ఉండే 50 మందికి వంటకు, తాగడానికి రోజుకు ఒక ట్యాంకరు చొప్పున ఏడు రోజులు నీరు ఏర్పాటు చేయించవలసిందిగా కోరుతున్నాము' అనండి. ఊళ్లోని బోరు ఎండిపోయిందన్న కారణం రెండో వాక్యం. ఏ తేదీలోగా నిర్ణయం కావాలో మూడోది. అర్జీని ప్రోగ్రాం ఆఫీసరు ద్వారానే ప్రిన్సిపల్‌కు పంపాలి. ఆయనను దాటి నేరుగా వెళితే ఆ ఒక్క పని అయినా, తరువాతి పనులకు ఆయన అండ దొరకదు. రెండు ప్రతులు తీసి, ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదానిపై ఇన్‌వర్డ్ నంబరు (అర్జీ అందినట్టు ఆఫీసు వేసే సంఖ్య), తేదీ వేయించుకోండి. వారం దాటినా కదలిక లేకపోతే ఆ నంబరు చెప్పి అడగవచ్చు. 'మొన్న ఇచ్చాం కదా సార్' అంటే ఎవరూ ఫైలు వెతకరు.

సమావేశాల్లో ఎక్కువమంది మౌనానికి కారణం ఇంగ్లీషు రాదన్న బెరుకో, తమ యాస విని నవ్వుతారన్న భయమో. యాసను దాచుకునే తంటాలో చెప్పదలచుకున్నదే సగం జారిపోతుంది కనుక ఆ ప్రయత్నం మానుకోవడమే మేలని నా అభిప్రాయం. దసరా తర్వాత జరిగే శిబిరంలో ఇంటింటి సర్వే ఉదయం ఎనిమిదికి అని ఎవరైనా ప్రతిపాదిస్తే, 'కుదరదు' అని ఊరుకోకుండా, 'శెనక్కాయ పెరికే రోజులు సార్, ఆ వేళకు ఇండ్లకు తాళాలే ఉంటాయి, సాయంత్రం ఆరు తర్వాత పోదాం' అనండి. అభ్యంతరం వెంట కారణమూ, మరో దారీ ఉన్నప్పుడు ఎదుటివారు దాన్ని తమ మీద తప్పు పట్టడంగా తీసుకోరు.

నిర్ణయమైన ప్రతిదాన్నీ మినిట్స్ పుస్తకంలో ఆ రోజే రాయాలి. 'బ్యానరు సంగతి చూడాలి' అన్న వాక్యం వల్ల బ్యానరు రాదు. 'బ్యానరు ముద్రణ, రెండో సంవత్సరం బీకాం ప్రతినిధి, శుక్రవారం సాయంత్రంలోగా' అని రాస్తే అడగడానికి ఒక మనిషి, ఒక గడువు ఉంటాయి.

వాట్సాప్ గ్రూపును వేళలు, స్థలం తెలియజేయడానికి మాత్రమే వాడండి. పని చేయని సభ్యుణ్ణి అందులో నిలదీయకుండా విడిగా పిలిచి మాట్లాడండి.

పని ముగిశాక ఏం జరిగింది, ఎంత ఖర్చయింది, ఏది మిగిలిపోయింది అన్న మూడు విషయాలతో ఒక పేజీ నివేదిక రాసి, బిల్లులు జతచేసి ప్రోగ్రాం ఆఫీసరుకు ఇవ్వండి. దాని నకలును మినిట్స్ పుస్తకంలో అంటించి, చివరి సెమిస్టరు పరీక్షలకు ముందే పుస్తకాన్ని జూనియర్లకు అప్పగించండి.