ఓపెన్, రైట్, ఎఫ్‌సింక్, క్లోజ్: లినక్స్‌లో సిస్టమ్ కాల్స్‌తో నేరుగా ఫైల్‌లోకి డేటా రాయడం ఎలా?

సీలో ప్రోగ్రామ్‌లు రాసే చాలామందికి ఫైల్ అంటే ఎఫ్‌ఓపెన్, ఎఫ్‌ప్రింట్‌ఎఫ్, అక్కడితో సరి. అవి లైబ్రరీ ఫంక్షన్లు, వాటి కింద అసలు పని చేసేది కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ), దాన్ని అడగాలంటే సిస్టమ్ కాల్, అంటే కెర్నల్‌ని నేరుగా పిలిచే కాల్, చేయాల్సిందే. లాగ్ ఫైలో, చిన్న డేటాబేసో, కరెంటు పోయినా పోకూడని సెట్టింగ్స్ ఫైలో రాస్తున్నప్పుడు ఈ కింది లెవెల్ తెలిసుండాలి. కాల్స్ నాలుగే, వాడటం కూడా ఈజీనే, కాకపోతే ఒక్కో కాల్ తిరిగిచ్చే నంబర్‌ని చూడకుండా వదిలేస్తే ప్రోగ్రామ్ బాగా నడిచినట్టే ఉంటుంది, తీరా చూస్తే ఫైల్ సగమే ఉంటుంది.

స్టెప్ 1: ఓపెన్

ఓపెన్‌కి మూడు ఇవ్వాలి: ఫైల్ పాత్, ఫ్లాగ్స్ (ఎలా తెరవాలో చెప్పే గుర్తులు), పర్మిషన్లు. తిరిగొచ్చేది ఒక చిన్న నంబర్, దాన్నే ఫైల్ డిస్క్రిప్టర్ అంటారు. 0, 1, 2 ముందే ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్‌లకి పోయుంటాయి కాబట్టి మామూలుగా మీ మొదటి ఫైల్‌కి 3 వస్తుంది. మైనస్ 1 వస్తే ఫెయిల్ అయినట్టు, కారణం ఎర్ర్‌నో అనే వేరియబుల్‌లో ఎర్రర్ నంబర్‌గా ఉంటుంది.

ఫ్లాగ్స్‌లో రాయడానికి ఓ_రైట్‌ఓన్లీ, ఫైల్ లేకపోతే పుట్టించడానికి ఓ_క్రియేట్ (కోడ్‌లో దీని స్పెల్లింగ్‌కి చివర ‘ఈ’ అక్షరం ఉండదు, ఉందనుకుని టైప్ చేస్తే కంపైలర్ ఊరుకోదు). పాతదంతా చెరిపేయాలంటే ఓ_ట్రంక్, చివర్లో కలుపుతూ పోవాలంటే ఓ_అపెండ్. లాగ్ ఫైల్‌కి ఓ_అపెండే పెట్టండి, ఎందుకంటే చివరికి వెళ్లడం, రాయడం రెండూ కెర్నల్ ఒకే దెబ్బలో చేస్తుంది, రెండు ప్రోగ్రామ్‌లు ఒకే లాగ్‌లో రాస్తున్నా ఒకదాని మీద ఒకటి పడదు, నెట్‌వర్క్ డ్రైవ్ మీద మాత్రం ఈ గ్యారంటీ లేదు.

ఓ_క్రియేట్ ఇచ్చినప్పుడు మూడోది మర్చిపోతే పర్మిషన్లు ఏవో చెత్తవి పడతాయి, కంపైలర్ చెప్పకపోవచ్చు కూడా. 0644 అని ముందు సున్నాతో సహా రాయాలి. సున్నా లేకుండా 644 అని కొడితే అది డెసిమల్ అయిపోతుంది, అంటే ఆక్టల్‌లో (ఎనిమిదుల లెక్కలో, పర్మిషన్లు రాసేది ఇందులోనే) 1204, అప్పుడు మీ ఫైల్‌ని మీరే చదవలేరు!

స్టెప్ 2: రైట్, అదీ లూప్‌లో

రైట్‌కి డిస్క్రిప్టర్, బఫర్ (రాయాల్సిన డేటా ఉన్న మెమరీ), ఎన్ని బైట్లో ఇవ్వాలి. బైట్లు, అక్షరాలు కాదు. యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కి (అక్షరానికో, గుణింతం గుర్తుకో ఉండే యూనికోడ్ నంబర్) 3 బైట్లు, ‘తెలుగు’ అనే మాటలో గుణింతాలతో కలిపి 6 ఉన్నాయి, మొత్తం 18 బైట్లు. కంటికి మూడే అక్షరాలు కదా అని 3 ఇస్తే ‘త’ ఒక్కటే ఫైల్‌లోకి పోతుంది. స్ట్రింగ్ పొడవు చెప్పే ఎస్‌టీఆర్‌లెన్ వాడితే సరిగ్గా 18 వస్తుంది, అదే క్యారెక్టర్ అర్రే మీద సైజ్‌ఆఫ్ వాడితే చివర ఉన్న సున్నా బైట్ కూడా ఫైల్‌లోకి దూరుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. రైట్ మీరు అడిగినంతా రాయాలని రూలేం లేదు. 10,000 బైట్లు ఇస్తే 4,096 రాసి అంతే అని 4,096 తిరిగివ్వొచ్చు, అది ఎర్రర్ కాదు. డిస్క్ నిండబోతున్నప్పుడు ఇలా అవుతుంది, పైపులు, సాకెట్ల దగ్గరైతే మామూలే, లినక్స్‌లో ఒక్క కాల్‌కి 2,147,479,552 బైట్లకి మించి ఎలాగూ పోవు. అందుకని లూప్ పెట్టాలి: ఎన్ని రాసిందో చూడు, పాయింటర్‌ని అంత ముందుకు జరుపు, మిగిలిన లెక్కలోంచి అంత తీసెయ్, సున్నా అయ్యేదాకా మళ్లీ పిలువు. మైనస్ 1 వచ్చి ఎర్ర్‌నో ఈఇంటర్ అయితే మధ్యలో సిగ్నల్ వచ్చిందని అర్థం, మళ్లీ ట్రై చేయొచ్చు. ఈనోస్పేస్ అంటే డిస్క్ ఫుల్, అక్కడ ఆగి యూజర్‌కి చెప్పడమే. తిరిగొచ్చే విలువని దాచుకోడానికి అన్‌సైన్డ్ వేరియబుల్ వాడొద్దు, మైనస్ 1 కాస్తా పెద్ద పాజిటివ్ నంబర్ అయి కూర్చుంటుంది.

ఇంకోటి, ఒక్కో బైట్‌కి ఒక్కో రైట్ చేయకండి. ప్రతిసారీ కెర్నల్‌లోకి వెళ్లి రావడానికి టైమ్ పడుతుంది, కొన్ని కిలోబైట్లు బఫర్‌లో పోగేసి ఒకేసారి పంపండి. ప్రింట్‌ఎఫ్, రైట్ రెండూ ఒకే అవుట్‌పుట్ మీద కలిపి వాడినా తలనొప్పే, ప్రింట్‌ఎఫ్ తన బఫర్‌లో దాచుకుంటుంది కాబట్టి లైన్లు ముందువి వెనకా వెనకవి ముందూ వస్తాయి.

స్టెప్ 3: ఎఫ్‌సింక్

రైట్ సక్సెస్ అయిందంటే డేటా కెర్నల్ చేతికి వెళ్లిందని మాత్రమే, డిస్క్ మీదకి కాదు. అది ర్యామ్‌లో పేజ్ క్యాష్‌లో, అంటే కెర్నల్ ఫైల్ డేటాని పేజీలనే ముక్కలుగా దాచుకునే చోట, ఉంటుంది, తీరిక చూసుకుని కెర్నల్ రాస్తుంది, మామూలు సెట్టింగ్స్‌లో 30 సెకన్లు పాతబడ్డాక గానీ అది రాయాల్సిన లిస్టులోకి రాకపోవచ్చు. ఈలోపు మీ ప్రోగ్రామ్ క్రాష్ అయినా పర్లేదు, కరెంటు పోతే మాత్రం ఆ డేటాకి నీళ్లొదులుకోవాల్సిందే. ఎఫ్‌సింక్ పిలిస్తే డిస్క్ దాకా పంపి అప్పుడు తిరిగొస్తుంది. స్లో అవుతుంది, అందుకే ప్రతి లైన్‌కీ కాదు, పోతే నష్టం అనిపించే చోటే పెట్టాలి.

ఎఫ్‌సింక్ ఫెయిలైతే మళ్లీ పిలిచి సక్సెస్ వచ్చిందని సంబరపడొద్దు. లినక్స్‌లో మొదటిసారి ఫెయిలైన పేజీలని క్లీన్ (ఇక రాయాల్సిందేం లేదు) అని మార్క్ చేసేయొచ్చు, రెండోసారి రాయడానికి ఏమీ లేదు కాబట్టి ఓకే అంటుంది. 2018లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ వాళ్లకి ఈ విషయం బయటపడి పెద్ద చర్చే నడిచింది, 2019 రిలీజుల నుంచి డేటా ఫైళ్ల మీద ఎఫ్‌సింక్ ఫెయిలైతే సర్వర్ ఆగిపోయి, తాను ముందే మార్పులు రాసిపెట్టుకున్న లాగ్ నుంచి రికవర్ అయ్యేలా మార్చారు. ఏళ్ల తరబడి డేటాబేసులు రాసినవాళ్లే ఇక్కడ పడ్డారంటే మనం కాస్త చూసుకోవాలి.

స్టెప్ 4: క్లోజ్

పని అయ్యాక క్లోజ్. దీని రిజల్ట్ కూడా చూడండి, నెట్‌వర్క్ డ్రైవ్‌ల మీద కోటా దాటిన ఎర్రర్ ఒక్కోసారి ఇక్కడే బయటపడుతుంది. ఫెయిలైందని రెండోసారి క్లోజ్ చేయొద్దు, లినక్స్ ఆ నంబర్‌ని అప్పటికే వదిలేసి ఉంటుంది, ఈలోపు ఇంకో త్రెడ్ అదే నంబర్‌తో వేరే ఫైల్ ఓపెన్ చేసుకుంటే దాన్ని మూసేస్తారు.

స్టెప్ 5: ఉన్న ఫైల్‌ని మార్చాలంటే

ఓ_ట్రంక్‌తో ఓపెన్ చేసిన క్షణమే పాతది పోతుంది, కొత్తది రాసేలోపు ఏదైనా అయితే రెండూ లేవు. అందుకే అదే ఫోల్డర్‌లో వేరే పేరుతో ఫైల్ పెట్టి, అంతా రాసి, ఎఫ్‌సింక్ చేసి, క్లోజ్ చేసి, అప్పుడు రీనేమ్‌తో అసలు పేరు పెట్టండి. చూసేవాళ్లకి పాతదైనా కనిపిస్తుంది, కొత్తదైనా కనిపిస్తుంది, సగం సగం కనిపించదు. వేరే ఫైల్‌సిస్టమ్‌లో పెడితే మాత్రం రీనేమ్ కుదరదు. కొత్త పేరు కూడా డిస్క్ మీద గట్టిగా పడాలంటే ఆ ఫోల్డర్‌ని ఓపెన్ చేసి దాని మీద కూడా ఎఫ్‌సింక్ చేయాలి, ఇది ఎక్కువమంది వదిలేసే స్టెప్.

స్టెప్ 6: టెస్ట్ చేయడం

మీ ప్రోగ్రామ్‌ని ఎస్‌ట్రేస్ (సిస్టమ్ కాల్స్‌ని చూపించే టూల్) కింద నడపండి, ఏ కాల్ ఎన్ని బైట్లు రాసిందో వరసగా చూపిస్తుంది, ఓపెన్ బదులు ఓపెన్‌యాట్ కనిపిస్తే కంగారు పడకండి, ఇప్పటి గ్లిబ్‌సీ (లినక్స్‌లో మామూలుగా ఉండే సీ లైబ్రరీ) లోపల దాన్నే పిలుస్తుంది. డిస్క్ ఫుల్ అయితే ఏమవుతుందో చూడాలంటే నిజంగా డిస్క్ నింపక్కర్లేదు, లినక్స్‌లో /డెవ్/ఫుల్ అని ఒక డివైస్ ఉంది, దానికి ఏం రాసినా ఈనోస్పేస్ ఇస్తుంది. అవుట్‌పుట్ ఫైల్‌గా దాన్నే ఇచ్చి చూడండి, మీ ప్రోగ్రామ్ ‘సేవ్ అయింది’ అంటే మళ్లీ స్టెప్ 2కి వెళ్లాలి.