అంట్ల పీచు మార్చాక వచ్చే తంటాలు

మా ఇంట్లోంచి పసుపు, ఆకుపచ్చ స్పాంజి వెళ్లిపోయి రెండేళ్లు దాటింది. ఇప్పుడు సింకు పక్కన మూడు వేలాడుతుంటాయి: సెల్యులోజ్ (చెట్ల గుజ్జు) స్పాంజి, నేతిబీర పీచు, కొబ్బరి పీచు. ఈ మూడూ ఒక దారిన పడటానికి నాకు ఆరేడు నెలలు పట్టింది. నెల తిరక్కుండానే విసిగిపోయి పాతదానికే వెళ్లిపోయినవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ముగ్గురున్నారు. వాళ్లు చెప్పే కారణాలు, నేను పడ్డ పాట్లు దాదాపు ఒకటే. చాలావాటిలో తప్పు పీచుది కాదు. పాత స్పాంజిని వాడినట్టే దీన్నీ వాడటం వల్ల వచ్చిన చిక్కులవి. పాతది పాలీయురెథేన్ ఫోమ్, దాని మీద నైలాన్‌దో పాలిస్టర్‌దో గరుకు పొర. అంటే మొత్తం ప్లాస్టిక్కే. నీళ్లలో వదిలేసినా అది కుళ్లదు. కొత్తది చెట్టు సరుకు. తడిలో పడేస్తే చెట్టు సరుకు ఏమవుతుందో అదే అవుతుంది.

కుండీలో ఆకుపచ్చ వల మిగిలింది

నాకు తగిలిన మొదటి దెబ్బ ఇది. ‘కంపోస్టబుల్’ అని రాసున్న ప్యాకెట్ కొని, నెల రోజులు వాడి, టెర్రస్ మీది కంపోస్టు కుండీలో అలాగే పడేశాను. నాలుగు నెలల తర్వాత కుండీ బోర్లించి మట్టి జల్లిస్తుంటే చేతికి తగిలింది: అరచేయంత ఆకుపచ్చ వల. ఒక్క పోగు చెడలేదు. కడిగితే మళ్లీ గిన్నెలు తోముకోవచ్చు, అంత శుభ్రంగా ఉంది.

కారణం సులువే. మెత్తటి భాగం నిజంగానే సెల్యులోజ్, అది మట్టిలో కలిసిపోయింది. దానికి అతికించిన గరుకు పొర మాత్రం నైలాన్. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, ప్యాకెట్ మీది ఆకు బొమ్మలో నిజం కూడా అంతేనన్నమాట.

అందుకే కొన్న వెంటనే చూసుకోండి. కొన్ని సెల్యులోజ్ స్పాంజీలు ప్యాకెట్‌లో తడిగా, మెత్తగా ఉంటాయి కాబట్టి ముందు బాగా కడిగి పూర్తిగా ఎండబెట్టాలి. సెల్యులోజ్ అయితే ఎండాక అట్టముక్కలా బిగుసుకుపోతుంది, నీళ్లు తగలగానే ఉబ్బి మెత్తబడుతుంది. ఎండినా మెత్తమెత్తగానే ఉంటే అది ఫోమ్. గరుకు పొరకు ఇంకో పరీక్ష ఉంది. ఒక్క పోగు లాగి, బాల్కనీలో పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల తగిలించండి. కొబ్బరి నార లాంటిదైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. ప్లాస్టిక్ పోగు ముడుచుకుని, కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. పోగుతో సరిపెట్టండి, స్పాంజి మొత్తం కాల్చొద్దు. ఆ పొగ పీల్చేది కాదు.

ఇప్పటికే అలాంటిది కొనేసి ఉంటే పారేయక్కర్లేదు. అరిగేదాకా వాడి, చివర్లో పొర ఊడదీసి పొడి చెత్తలో వేయండి. మిగతాది కుండీలోకి.

నాలుగు రోజులకే ముక్కిన వాసన

ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. జూలై నెల, వారం రోజులుగా ముసురు. పొద్దున్నే టీ గిన్నె కడుగుదామని స్పాంజి తీశాను. గిన్నె కడిగాను, తుడిచాను, టీ పెట్టుకున్నాను. కప్పు మూతి దగ్గర పెట్టుకుంటే టీ వాసన రాలేదు, నా వేళ్ల వాసన వచ్చింది. నిన్నటి పప్పు, తడిసిన గోనెసంచి, రెండూ కలిసిన వాసన.

మనందరి సింకు దగ్గరా ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అందులో సబ్బు, సబ్బు కరిగిన నీళ్లు, ఆ నీళ్లలో మునిగి స్పాంజి. అసలు దోషి ఆ డబ్బాయే. స్పాంజి చిల్లుల్లో ఇరుక్కున్న అన్నం మెతుకు, పప్పు, నూనె, వాటికి తోడు ఇరవై నాలుగు గంటల తడి. బాక్టీరియాకి ఇంతకంటే ఏం కావాలి? ఇది కొత్త రకానికే వచ్చిన రోగం కాదు, పాత స్పాంజికీ ఉన్నదే. 2017లో జర్మనీలోని ఫుర్ట్‌వాంగెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇళ్లలో వాడేసిన 14 స్పాంజీలు తెప్పించి చూస్తే, కొన్నిచోట్ల ఒక్క ఘన సెంటీమీటరులోనే 5,000 కోట్లకు పైగా బాక్టీరియా కనిపించాయి. అప్పుడప్పుడు మరిగించో మైక్రోవేవ్‌లో పెట్టో శుభ్రం చేస్తున్నామన్న ఇళ్ల స్పాంజీలు కూడా మిగతావాటికంటే మెరుగ్గా లేవు. కడిగి కడిగి వాడేకంటే వారానికోసారి మార్చేయడం మేలని వాళ్లు తేల్చారు.

వారానికో ప్లాస్టిక్ స్పాంజి పారేయడానికి మనసొప్పదు. మట్టిలో కలిసేదైతే ఆ బాధ లేదు, కానీ డబ్బు ఉంది కదా. నేను చేసేది చెప్తాను. ఆ డబ్బా తీసేశాను. సబ్బు చిల్లుల పళ్లెంలో ఉంటుంది, స్పాంజి బట్టల క్లిప్పుతో కిటికీ గ్రిల్లుకి వేలాడుతుంది. పెద్ద స్పాంజిని కత్తెరతో రెండు చేసి, ఒకటి ఈ రోజు సింకు దగ్గర, రెండోది బాల్కనీ ఎండలో. రేపు చోట్లు మారతాయి. పని అయ్యాక ధారగా నీళ్లు పోసి, రెండు అరచేతుల మధ్య అదిమి పిండాలి. గుడ్డలా మెలిపెడితే సెల్యులోజ్ చిరుగుతుంది. ముసురు రోజుల్లో ఎండ ఉండదు కాబట్టి రాత్రిపూట ఫ్యాను గాలి తగిలేచోట పెడతాను. ఇంత చేసినా వాసన వస్తే ఒకసారి మరిగించి చూడండి. మర్నాటికి మళ్లీ వస్తే దాని కాలం తీరినట్టే. నల్లచుక్కలు కనిపిస్తే మాత్రం మరిగించే ముచ్చటే లేదు, అది బూజు, కుండీలో వేసేయండి.

ఆదివారం చికెనో మటనో కడిగిన సింకును దీంతో తోమొద్దు. దానికి పాత గుడ్డముక్క వేరే పెట్టుకోండి.

ఇంకో మాట. స్పాంజి చేసే పనిలో సగం గట్టు తుడవడమే. ఆ పనికి స్వీడిష్ డిష్‌క్లాత్ అనే పలుచని గుడ్డ దొరుకుతుంది. స్వీడన్ ఇంజనీరు కర్ట్ లిండ్‌క్విస్ట్ 1949లో కనిపెట్టాడు. సెల్యులోజ్, నూలు కలిపి చేస్తారు. పలుచన కాబట్టి స్పాంజి కంటే చాలా త్వరగా ఆరుతుంది. అది వచ్చాక మా స్పాంజి ఆయుష్షు పెరిగింది.

నురగ రావట్లేదు, జిడ్డు వదలట్లేదు

ఇవి రెండు ఫిర్యాదుల్లా వినిపిస్తాయి కానీ మొదటిది అసలు సమస్యే కాదు. ఫోమ్‌కి సన్నటి చిల్లులు వేలల్లో ఉంటాయి, గాలిని పట్టి సబ్బును బుడగలు చేస్తుంది. నేతిబీర పీచు పెద్ద కన్నుల వల, గాలి నిలవదు. జిడ్డును పట్టుకునేది సబ్బు నీళ్లు, బుడగలు కాదు. కాకపోతే సబ్బు బిళ్ల మీద బీరపీచు రుద్దితే సబ్బు ముద్దలు ముద్దలుగా పోగుల్లో ఇరుక్కుని వృథా అవుతుంది. చిన్న గిన్నెలో గోరువెచ్చటి నీళ్లలో కొంచెం సబ్బు కరిగించి, అందులో ముంచి తోమండి.

నిజంగానే జిడ్డు వదలకపోతే రెండు చూడండి. కొత్త బీరపీచు కట్టెలా ఉంటుంది, గిన్నె వంపులకు ఆనదు. వాడే ముందు పది నిమిషాలు వేడినీళ్లలో నానేస్తే వంగుతుంది. రెండోది, బజ్జీలు వేసిన మూకుడును నేరుగా పీచుతో మొదలుపెట్టడం. నూనంతా పీచుకు పట్టి అక్కణ్నుంచి ప్రతి గిన్నెకూ అంటుతుంది. ముందు మూకుడులో చారెడు పాత శనగపిండి చల్లి పేపరుతో తుడిచేయండి. మా అమ్మమ్మ పొయ్యిలో బూడిదతో చేసిన పనే ఇది. నా దగ్గర గ్యాస్ పొయ్యి ఉంది, బూడిద ఎక్కడిది?

కడిగిన గిన్నె మీద తెల్లటి పూత

మాది బోరు నీళ్ల అపార్ట్‌మెంట్. మంజీరా నది కుళాయి నీళ్లు వచ్చే ఇళ్లలో ఈ గోల తక్కువ. పీచు మార్చినప్పటి నుంచే గిన్నెలు తెల్లబడుతున్నాయని మా కింది ఇంటావిడ అన్నారు. పీచుకు సంబంధం లేదు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు గిన్నె ఆరాక అలా మిగులుతాయి. పాత స్పాంజి ఆకుపచ్చ పొర గీకినట్టు రుద్దేది కాబట్టి కొంత పోయేది, అంతే. పులుసు పెట్టాక మిగిలిన చింతపండు పిప్పిని పీచు మీద వేసుకుని స్టీలు గిన్నెలు తోమండి. పూత పోతుంది, ఇత్తడి చెంబు కూడా పనిలో పనిగా మెరుస్తుంది. పీచే తెల్లబడి బిరుసెక్కితే, నిమ్మరసం కలిపిన నీళ్లలో అరగంట ఉంచి కడిగేయండి.

స్పాంజి పసుపెక్కింది, మధ్యలో ఎర్రబడింది

మురికి కాదు, వంటల్లోని పసుపు. సబ్బు క్షారం తగిలితే పసుపు ఎర్రగా మారుతుంది, పారాణి కలిపేటప్పుడు సున్నంతో జరిగేదే. ఎండలో పెడితే ఒకట్రెండు రోజుల్లో రంగు వెలిసిపోతుంది. బ్లీచ్ జోలికి వెళ్లొద్దు, సెల్యులోజ్ పోగులు బలం పోగొట్టుకుని పొడిపొడిగా రాలతాయి.

వారానికే చిరిగిపోతోంది

కొబ్బరి కోరాము, కత్తిపీట, తురుముపీట. వీటికి సెల్యులోజ్ వాడితే చిరగక ఏం చేస్తుంది? కొబ్బరి పీచు అందుకే ఉంది. నాన్‌స్టిక్ పెనానికి, గాజు గ్లాసులకు సెల్యులోజ్, రోజువారీ స్టీలుకు నేతిబీర, పళ్లున్న సామానుకు కొబ్బరి. ఇలా పంచితే మూడూ ఎక్కువ కాలం ఉంటాయి. కొబ్బరి పీచు మొదటి వారం పొట్టి పోగులు రాలుస్తుంది, సింకు జాలీ తీయకండి.

అడుగంటిన పాల గిన్నె

దీన్ని ఏ పీచూ గెలవదు, పాత ఆకుపచ్చదీ గెలవలేదు. గిన్నెలో నీళ్లు, రెండు చెంచాల వంట సోడా వేసి పది నిమిషాలు మరిగించి, చల్లారాక కొబ్బరి పీచుతో తీయండి. స్టీలు గిన్నెకే సుమా. అల్యూమినియం గిన్నె సోడాకి నల్లబడుతుంది, దాన్ని రాత్రంతా మామూలు నీళ్లతో నానబెట్టుకోవాల్సిందే.

పనామె ముట్టుకోవట్లేదు

“గీ పీచుతోని చేతులు నొస్తున్నయ్ అక్కా, నా పాత స్పాంజి నాకియ్యు” అంది మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె మూడో రోజున. మొండికేస్తోందనుకున్నాను. ఒక ఆదివారం ఆమె రాకపోతే నలుగురు చుట్టాల గిన్నెలూ నేనే తోమాను, అప్పుడు తెలిసింది. నేనిచ్చిన బీరపీచు జానెడు పొడవుది, గుప్పిట్లో పట్టదు. వేళ్లు చాచి పట్టుకుంటే బొటనవేలి మొదట్లో నొప్పి. నేను రోజూ రెండు గ్లాసులు కడిగి బాగుందనుకున్నది ఆమె రెండు గంపల అంట్లకు పనికొస్తుందా? నాలుగు వేళ్ల వెడల్పు బిళ్లలుగా కోసి, నానబెట్టి ఇచ్చాను. అప్పటినుంచి పేచీ లేదు. పీచు మార్చాలనుకునేవాళ్లు వారం రోజులు సొంతంగా అంట్లు తోముకుని, ఆ తర్వాత వేరేవాళ్ల చేతిలో పెట్టండి.

కుండీలో వేసినా అలాగే ఉంది

మొత్తంగా వేస్తే ఏదైనా త్వరగా కలవదు. సబ్బు పోయేలా కడిగి, అంగుళం ముక్కలు చేసి, కూరగాయ తొక్కల మధ్యలో తడిగా కప్పెట్టండి. సెల్యులోజ్ ముందు కలిసిపోతుంది, నేతిబీర ఇంకొంత కాలం తీసుకుంటుంది. కొబ్బరి పీచులో లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఎక్కువ, అది చాలా నిదానం. ప్యాకెట్ పైకవరు కూడా కంపోస్టబుల్ అని రాసి ఉంటే దాన్ని కుండీలో వేయకండి. మొక్కజొన్న పిండితో చేసే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ కవరు విరగడానికి 60 డిగ్రీల దగ్గర వేడి రోజుల తరబడి నిలవాలి. మన టెర్రస్ కుండీలో అది కష్టం.

అరిగిన కొబ్బరి పీచును నేను కంపోస్టులో వేయడం మానేశాను. కొత్త మొక్క పెట్టేటప్పుడు కుండీ అడుగు చిల్లు మీద పరుస్తాను. నీళ్లు దిగిపోతాయి, మట్టి మాత్రం కింది ఇంటి బాల్కనీలోకి కారదు.