ఒక్క మైనస్ గుర్తు కోసం రెండు సాయంత్రాలు

గొంతు నుంచి పెదవుల దాకా ఉన్న దారిని 22 చిన్న గొట్టాలుగా విడగొట్టి, కంప్యూటర్‌తో 'ఆ' అనిపించాలని కూర్చున్నాను. 1962లో కెల్లీ, లాక్‌బామ్ అనే పరిశోధకులు ప్రచురించిన పద్ధతే ఇది. పక్కపక్క గొట్టాల వైశాల్యాల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే, ఆ అతుకు దగ్గర ధ్వని ఎంత వెనక్కి మళ్లుతుందో తెలుస్తుంది.

వచ్చింది 'ఆ' కాదు, ఖాళీ బిందెలో మూలుగు! వైశాల్యాలే తప్పనుకొని రెండు సాయంత్రాలు వాటినే సవరించాను. దండగ.

చివరికి అన్ని గొట్టాలనూ ఒకే వెడల్పు చేసి చూశాను. ఈ పని మొదటే చేయాల్సింది. ఒక కొస మూసిన 17.5 సెంటీమీటర్ల గొట్టం సుమారు 500, 1500, 2500 హెర్ట్జ్‌ల దగ్గర మోగాలి. నాది 1000, 2000, 3000 దగ్గర మోగుతోంది. అంటే రెండు కొసలూ ఒకేలా ప్రవర్తిస్తున్నాయి. పెదవుల దగ్గర గొట్టం బయటి గాలిలోకి తెరుచుకుంటుంది కనుక పీడన తరంగం తలకిందులై వెనక్కి రావాలి. ఎంత వెనక్కి మళ్లాలో చెప్పే సంఖ్యను నేను అక్కడ -0.85కు బదులు 0.85 అని రాశాను.

గుర్తు మార్చి, గొంతు వైపు ఇరుకు, నోటి వైపు వెడల్పు ఇచ్చాను. 'ఆ' పలికింది, కాస్త జలుబు చేసినట్టుగా. ఆ జలుబు స్వరతంత్రుల కంపనాన్ని నేను మొరటుగా రాసినందువల్ల వచ్చింది. దాని పని ఇంకా పట్టలేదు.